ఎటోషాలో రోజంతా తిరిగినా ఏనుగు, ఖడ్గమృగం కనిపించలేదంటే

కారు ఎక్కువగా తిప్పడమే అసలు సమస్య. నమీబియాలోని ఎటోషా జాతీయ పార్కుకి ఆగస్టులో వెళ్లి, రోజంతా తిరిగినా జీబ్రాలు, జింకల్లాంటి స్ప్రింగ్‌బాక్‌లే కనిపించాయని, ఇంకా రెండు రోజులే మిగిలాయని రాశారు. అక్కడ ఆ నెలలో వాన పడదు. నీళ్ల కోసం జంతువులే గుంటల దగ్గరికి రావాలి, మీరు వెతకక్కర్లేదు.

1. పొద్దున గేటు తెరవగానే ఒక నీటి గుంట దగ్గరికి వెళ్లి, ఇంజిన్ ఆపి కనీసం గంట కూర్చోండి. ఖాళీగా ఉందని ఐదు నిమిషాల్లో లేచిపోకండి. కారు మాత్రం దిగొద్దు.

2. చాలామంది వదిలేసేది రాత్రి. మీ లాడ్జి పార్కు బయట ఉందన్నారు కదా, అక్కడే దెబ్బ పడింది. సూర్యాస్తమయానికి గేట్లు మూసేస్తారు. నల్ల ఖడ్గమృగాలు ఎక్కువగా నీళ్లకు వచ్చేది చీకటి పడ్డాకే. ఒక్క రాత్రికైనా లోపలున్న ఒకాకుయో క్యాంపుకి మారండి. గది దొరక్కపోతే టెంటు స్థలం అడగండి. క్యాంపు అంచునే గుంట, దానిపై రాత్రంతా దీపాలు, చుట్టూ చిన్న గోడ, ఇవతల బెంచీలు. భోజనం త్వరగా ముగించి అక్కడ కూర్చోండి. అందరూ గదులకు వెళ్లిపోయాక కూడా కాసేపు ఉండండి. ఏనుగులు చప్పుడే లేకుండా వచ్చేస్తాయి, అంత పెద్ద శరీరంతో ఎలా నడుస్తాయో ఏమో! ఫ్లాష్ వాడొద్దు, మాట్లాడొద్దు.

అక్కడ నిండిపోతే హలాలి క్యాంపు చూడండి, దానికీ దీపాలున్న గుంట ఉంది.

ఆగస్టు రాత్రులు బాగా చలి, స్వెటర్ తప్పనిసరి.