మేకప్ కింద సన్‌స్క్రీన్ నిలవాలంటే ముందు ఫౌండేషన్ మానేసి చూడండి

రోజూ ఆఫీసుకి కాస్త మేకప్ వేసుకుంటానని, కింద సన్‌స్క్రీన్ రాస్తే ముఖం పాలిపోయినట్టు తెల్లగా అవుతోందని, పైన ఫౌండేషన్ ఉండలు ఉండలుగా లేచిపోతోందని, బరువుగా అనిపించని సన్‌స్క్రీన్ ఏదైనా చెప్పమని అడిగారు. నేను విజయవాడలో ఒక పట్టుచీరల షోరూంలో సేల్స్‌లో పనిచేస్తాను. మేకప్ లేకుండా మమ్మల్ని ఫ్లోర్ మీదికి రానివ్వరు. పొద్దున్నే తాడేపల్లి నుంచి స్కూటీ మీద బ్యారేజీ దాటి రావాలి. అంటే నాకు ఎండా తప్పదు, మేకప్పూ తప్పదు. ఏళ్ల తరబడి ఈ రెండింటితో వేగుతున్నదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతాను.

జెల్ రకం తీసుకోండి. డబ్బా మీద ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 50 ఉండాలి, పీఏ అన్న గుర్తు పక్కన ప్లస్‌లు నాలుగు ఉండాలి. వీలైతే మీ చాయకి దగ్గరగా లేతరంగు కలిపినది చూడండి. దాని మీద ఫౌండేషన్ మాత్రం వెయ్యకండి. మీకు ఇబ్బంది పెడుతున్నది సన్‌స్క్రీన్ అని మీరు అనుకుంటున్నారు, నేను మాత్రం ఫౌండేషనే అంటాను.

పోయిన శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం ముందు వారంలో జరిగింది చెబుతాను. ఆ వారం మా షాపులో కాలు పెట్టడానికి చోటుండదు. నందిగామ వైపు నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి అప్పుడే కొత్తగా చేరింది. చామనచాయ, కళగల ముఖం. ఎవరో చెప్పారని జింక్ ఆక్సైడ్ ఉన్న చిక్కటి క్రీము రాసుకుని, దాని మీద షాపువాళ్ళు ఇచ్చిన ఫౌండేషన్ వేసుకుంది. షాపువాళ్ళు ఇచ్చేది ఒకటే షేడు. పచ్చగా ఉన్న పిల్లకీ అదే, నల్లగా ఉన్న పిల్లకీ అదే. షోరూం లైట్ల కింద నిలబడేసరికి ఆ అమ్మాయి ముఖం బూడిదరంగులో ఉంది, మెడ తన రంగులో ఉంది. గంట తిరక్కుండానే ముక్కు పక్కనా చెంపల మీదా, పెన్సిల్ గీత చెరిపితే రాలే రబ్బరు పొట్టులా, సన్నగా ఉండలు లేచాయి.

మా పనిలో చీరని మడత విప్పి చూపిస్తే సరిపోదు. మేమే భుజాన వేసుకుని, కొంగు పరిచి, అద్దం ముందు నిలబడి చూపించాలి. ఆ అమ్మాయి మెరూన్ రంగు కంచిపట్టు చీర భుజాన వేసుకుని కొంగు ఇటు తిప్పింది. దవడ కింద అంచు రాసుకుంది. మెరూన్ మీద తెల్లటి చార పడింది, చూపుడువేలంత పొడవున. కస్టమర్ ఆ చార మీద వేలు పెట్టి, "ఇది కొత్త చీరేనా, ఎవరైనా కట్టుకుని తిరిగిచ్చిందా?" అంది. ఫ్లోర్ మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. ఆవిడకి వేరే చీర తీయించి, ఈ పిల్లని పక్కకి పిలిచి, డ్రైక్లీనింగ్ ఖర్చు జీతంలో పట్టుకుంటామన్నాడు. పాపం, అప్పటికి తను మొదటి జీతం కూడా తీసుకోలేదు. ఏడుపు ఆపుకుందామని కళ్ళు తుడుచుకుంటే చేతికున్న క్రీమంతా కళ్ళల్లోకి పోయింది.

నేను వాష్‌రూంకి తీసుకెళ్ళాను. "అక్కా, రేపటి నుంచి ఈ సన్‌స్క్రీనే మానేస్తాను" అంది. "మానాల్సింది అది కాదులే, ముందు మొహం కడుక్కో" అన్నాను. నా బ్యాగులో ఉన్న జెల్ తీసి తన చూపుడువేలి మీద మొదలు నుంచి కొసదాకా ఒక గీత పెట్టాను. అది ముఖానికీ చెవులకీ మెడకీ పరిచింది. రుద్దొద్దు, అద్దుకుంటూ పో అన్నాను. అది ఆరేలోపు కుచ్చిళ్ళు సర్ది, భుజం దగ్గర పిన్ను మార్చాం. తర్వాత మధ్యవేలి మీద ఇంకో గీత, మళ్ళీ అలాగే. అది కూడా ఆరేదాకా తల దువ్వి జడ బిగించుకుంది. అప్పుడు కళ్ళ కింద నలుపున్న చోట మాత్రం చిటికెడు కన్సీలర్ తడి స్పాంజీతో అద్ది, దవడ మీద, మెడ మీద పౌడర్ పఫ్ ఒత్తాను. కాటుక, బొట్టు, లిప్‌స్టిక్. అంతే. ఆఖరున టిష్యూ తీసుకుని మెడ మీద నొక్కి చూశాం, టిష్యూకి ఏమీ అంటలేదు. ఆ పిల్ల రాత్రి షాపు కట్టేదాకా చీరలు భుజాన వేసుకుంటూనే ఉంది, ఒక్క చార పడలేదు. ఫౌండేషన్ లేదన్న సంగతి మేనేజర్ కనిపెట్టనేలేదు.

వేళ్ళ లెక్క నేను కల్పించింది కాదు. ఎస్‌పీఎఫ్ పరీక్ష చేసేటప్పుడు చర్మం మీద చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాస్తారు. ముఖానికీ మెడకీ కలిపి ఆ మోతాదు రావాలంటే ఇంచుమించు ఒక గ్రాము పైచిలుకు కావాలి, రెండు వేళ్ళ మీద గీస్తే దాదాపు అంత వస్తుంది. మనలో చాలామంది శనగగింజంత తీసుకుని ముఖమంతా లాగుతారు. అలా రాస్తే డబ్బా మీదున్న 50 మీ ముఖం మీదికి రాదు. మీ ఇంట్లో 50 గ్రాముల ట్యూబు ఎన్నాళ్ళు వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. సరిగ్గా రాస్తే నెలా పది, పదిహేను రోజులకి అయిపోవాలి. నాలుగైదు నెలలు వచ్చిందంటే మీరు సన్‌స్క్రీన్ వాడుతున్నట్టు లెక్క కాదు.

అందుకే నేను తేలికగా ఉండాలని పట్టుబడతాను. రెండు వేళ్ళ మేరా రాసినా ముఖం జిడ్డోడకుండా, తెల్లబడకుండా ఉండే సన్‌స్క్రీన్ ఏదైతే అదే మీది. మోతాదు సరిగ్గా ఉంటే చర్మాన్ని కాల్చి ఎర్రబరిచే యూవీబీ కిరణాల్ని ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది 97 శాతం, 50 ఉన్నది 98 శాతం ఆపుతాయి. తేడా ఆ ఒక్క శాతమే. అలాంటప్పుడు 70, 100 అని రాసి ఉన్న చిక్కటి క్రీముకి ఎక్కువ డబ్బు పోసి సగం మోతాదు రాసుకోవడం దండగ. నేను ముందు చూసేది పీఏ ప్లస్‌లు. చర్మం లోపలికి దిగి ముడతలు తెచ్చే యూవీఏ కిరణాల్ని ఎంత ఆపుతుందో చెప్పేది అవే.

యూవీఏ గురించి మరీ ముఖ్యంగా బస్సుల్లో, కార్లలో ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి చెప్పాలి. కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది, యూవీఏని అంతగా ఆపదు. 28 ఏళ్ళు డెలివరీ ట్రక్కు నడిపిన ఒక అమెరికన్ డ్రైవర్ ఫోటోని 2012లో అక్కడి వైద్య పత్రిక అచ్చువేసింది. కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతుంటుంది, కుడి చెంప అదే మనిషిదా అనిపిస్తుంది. ఆ ఫోటో చూపించాకే మా షాపు అమ్మాయిలు కొందరు బస్సులో కూడా సన్‌స్క్రీన్ రాయడం మొదలుపెట్టారు.

ఇక తెల్లదనం. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఎక్కువగా ఉన్నవి మన రంగుల మీద తేలతాయి. ఫ్లాష్ పెట్టి ఫోటో తీస్తే మరీ తెలుస్తుంది, పెళ్ళి ఆల్బమ్‌లలో చూసే ఉంటారు. అవి చెడ్డవని కాదు, సున్నితమైన చర్మానికి అవే మంచివి. కానీ మేకప్ కింద రోజూ వాడాలంటే ట్యూబు వెనక టినోసార్బ్ ఎస్, యువినల్ ఏ ప్లస్ లాంటి కొత్త రకం ఫిల్టర్లు, అంటే ఎండ కిరణాల్ని ఆపే పదార్థాలు, ఉన్నాయేమో చూడండి. అవి ఎండలో త్వరగా చెడిపోవు, చర్మం మీద రంగు తేలవు. పాతకాలం నుంచీ వస్తున్న అవోబెంజోన్ ఉంటే దాన్ని నిలబెట్టే తోడు ఫిల్టర్ కూడా ఉండాలి, లేకపోతే ఎండ తగిలేకొద్దీ బలం తగ్గిపోతుంది. పైగా బోరు నీళ్ళల్లో ఇనుము ఉన్న ఊళ్ళల్లో తెల్ల బట్టలు ఉతికితే కాలర్ దగ్గర తుప్పు మరకల్లాంటివి తేలడానికి కారణం చాలాసార్లు ఈ అవోబెంజోనే. మా యూనిఫాం జాకెట్లకి ఆ మరకలు పడితే నెలల తరబడి సబ్బుని తిట్టుకున్నాం.

లేతరంగు ఉన్నదే తీసుకోమని ఎందుకన్నానంటే, మన చాయలవాళ్ళకి మంగు, మచ్చలు ముదరడానికి యూవీ ఒక్కటే కారణం కాదు. కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా నలుపు తెస్తుంది. రంగులేని సన్‌స్క్రీన్లు దాన్ని పెద్దగా ఆపలేవు, ఐరన్ ఆక్సైడ్లు ఆపుతాయి. ట్యూబు వెనక సీఐ 77491, 77492, 77499 అన్న అంకెలు ఉంటే అవి ఐరన్ ఆక్సైడ్లే. ముఖం రంగుని సమం చేసేదీ అవే కాబట్టి ఫౌండేషన్ చేసే పని అక్కడే అయిపోతుంది. "నల్లగా ఉన్నవాళ్ళకి సన్‌స్క్రీన్ ఎందుకు" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చర్మం కాలి ఎర్రబడటం మనకి తక్కువేమో గానీ, మంగు వచ్చిందంటే ఓ పట్టాన పోదు.

ఆ మంగు పేరు చెప్పి మందుల షాపుల్లో అమ్మే ట్యూబుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్టెరాయిడ్ కలిసిన పూతమందుల్ని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. అయినా కౌంటర్ దగ్గర నిలబడి "మంగుకి ఏదైనా ఇవ్వండి" అంటే చాలు, కవర్లో వేసి ఇచ్చేస్తారు. మొదటి వారం ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, సన్నటి నరాలు బయటికి కనిపించి, ఎండ తగిలితే మంట. మా సీనియర్ అక్క ఒకామె ముఖం అలాగే పాడైంది. మీ ముఖానికి ఏ సన్‌స్క్రీన్ రాసినా మండుతోందంటే ముందు మీరు వాడుతున్న మిగతా ట్యూబులేమిటో చర్మవైద్యులకి చూపించండి.

ఉండలు కట్టడానికి ఇంకో కారణం తొందర. కింద మాయిశ్చరైజర్, దాని మీద సీరమ్, దాని మీద సన్‌స్క్రీన్, పైన ప్రైమర్, ఆపైన ఫౌండేషన్. ఏదీ ఆరకముందే ఇంకోటి రుద్దితే లేవక ఏం చేస్తాయి? జిడ్డు చర్మమైతే బెజవాడ ఉక్కలో సన్‌స్క్రీన్ కింద మాయిశ్చరైజర్ అక్కర్లేదు, జెల్‌లో ఉన్న తేమే చాలు. పొడి చర్మమైతే పలచగా రాసి, ఆరనిచ్చి, తర్వాత మొదలుపెట్టండి. పని త్వరగా అవుతుందని ఫౌండేషన్‌లో సన్‌స్క్రీన్ కలిపి రాసేవాళ్ళున్నారు. అది మాత్రం అస్సలు చెయ్యకండి, పొర సమంగా పరుచుకోదు. ఫౌండేషన్ మీద ఎస్‌పీఎఫ్ అని రాసి ఉందని దాన్నే నమ్ముకోవద్దు, ఆ ఫలితం రావాలంటే అది కూడా రెండు వేళ్ళంత పూయాలి, అంత ఎవరూ పూయరు.

స్కూటీ మీద వెళ్ళేవాళ్ళు మేకప్ ఇంట్లో వేసుకోకండి. సన్‌స్క్రీన్ ఇంట్లో రాసుకోండి, ఆఫీసుకి చేరాక చెమట టిష్యూతో అద్ది, అప్పుడు మేకప్ వేసుకోండి. హెల్మెట్ లోపలి దూది నుదురంతా తుడిచేస్తుంది, చున్నీ చెంపలు తుడిచేస్తుంది. అందుకని దిగాక నుదుటికి ఇంకాస్త రాసుకోవాలి. రోహిణి కార్తెలో బ్యారేజీ మీద సిగ్నల్ లేకుండా ట్రాఫిక్ ఆగినప్పుడు నుదుటి చెమటతో జెల్ కళ్ళల్లోకి దిగితే బండి పక్కకి తీయడానికి కూడా దారుండదు. కనుబొమల పైన, కళ్ళ చుట్టూ మాత్రం జింక్ ఉన్న స్టిక్ పలచగా రాసుకుంటే ఆ మంట ఉండదు.

మళ్ళీ రాసుకోవడం గురించి అందరూ రెండు గంటలకోసారి అంటారు. ఎండలో ఉంటే అది నిజమే. అద్దాలకి దూరంగా లోపల కూర్చుని పనిచేసేవాళ్ళు సాయంత్రం ఎండ ఉండగానే బయటికి వెళ్ళేటట్టయితే వెళ్ళే ముందు ఒకసారి రాస్తే చాలని నా అభిప్రాయం. స్పాంజీకి జెల్ అంటించి మేకప్ మీదే నొక్కుతూ పోండి, రుద్దకండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం యూవీ ఇండెక్స్, అంటే ఎండలో యూవీ తీవ్రతని చెప్పే అంకె, 11 దాటుతుంది, ఫోన్లో వాతావరణం చూస్తే కనిపిస్తుంది. ఆ వేళ లంచ్‌కి బయటికి వెళ్తే మాత్రం మళ్ళీ రాయాల్సిందే, గొడుగూ ఉండాల్సిందే.

కొనేటప్పుడు చిన్న ట్యూబే కొనండి. షాపులో చేతి మీద చుక్క వేసి చూస్తే ఏమీ తెలియదు. సెలవు రోజు మధ్యాహ్నం, రెండు వేళ్ళ మేరా రాసుకుని, వంటింట్లో పొయ్యి దగ్గర గంట సేపు పనిచేసి అద్దంలో చూసుకోండి. అక్కడ తట్టుకుంటే ఆఫీసులో తట్టుకుంటుంది.

ఒక్క మాట మాత్రం మీరు అడక్కపోయినా చెబుతాను. మేకప్ తప్పనిసరి అని రూలు పెట్టే షాపులు, ఆఫీసులు సన్‌స్క్రీన్ కూడా ఇవ్వాలి. యూనిఫాం చీర ఇస్తున్నారు, బ్యాడ్జి ఇస్తున్నారు, ఎవరి ముఖానికీ సరిపోని ఫౌండేషన్ కూడా ఇస్తున్నారు. షాపు ఉద్యోగులకి కూర్చునే హక్కు కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టంలోకి వచ్చింది. అంతకుముందు అది కూడా చిన్న విషయమే అనేవాళ్ళు. 50 గ్రాముల మంచి జెల్ మందుల షాపులో 400 నుంచి 600 రూపాయల్లో వస్తుంది. సరిగ్గా రాస్తే నెలన్నరలోపే అయిపోతుందని పైన చెప్పాను కదా, చేరిన మొదటి నెలలో ఆ డబ్బు ఒక సేల్స్ అమ్మాయి తన జేబులోంచి పెట్టుకోలేదు. మా దగ్గర ఈసారి దసరా సీజన్ ముందు మేమంతా కలిసి మేనేజర్‌ని అడగబోతున్నాం. ఫౌండేషన్ కొనే డబ్బుతోనే మూడు షేడ్లలో లేతరంగు సన్‌స్క్రీన్ తెప్పించమని కాగితం మీద రాసి, అందరం సంతకాలు పెట్టాం.