మీ బాబాయి పిసినారి కాదు

తమ్ముడూ,

నువ్వు పంపిన స్టాండప్ కామెడీ స్క్రిప్టు చదివాను, వీడియో కూడా చూశాను. ఐదు నిమిషాల్లో బాబాయి, పిన్ని, నాన్నమ్మ, పెళ్ళికాని మేనమామ... ఇంతమందిని స్టేజీ ఎక్కించావు గానీ ఒక్కరికీ నిలబడే చోటివ్వలేదు. జనం గట్టిగా నవ్వింది బాబాయి బల్బు దగ్గరే. మిగతావాళ్ళని ప్రస్తుతానికి ఇంటికి పంపించేయ్.

ఆ బల్బు దగ్గర కూడా "మా బాబాయి మామూలు పిసినారి కాదు" అని మొదలుపెట్టావు. అది ముందే చెప్పేస్తే జనం కనిపెట్టడానికి ఇంకేం మిగిలింది? పైగా ఆయన పిసినారేం కాదు. బల్బు మీదా, గోడ గడియారం బ్యాటరీ మీదా, చివరికి కుక్కర్ గాస్కెట్ మీద కూడా కొన్న తేదీ మార్కర్‌తో రాసిపెట్టుకునే మనిషికి పంతం కంపెనీతో. గ్యారంటీ లోపే బల్బు పోతే ఇంటిల్లిపాదీ ఉసూరుమంటుంటే ఆయనొక్కడే సంబరపడిపోతాడు. చీకట్లో స్టూలెక్కి, బల్బు విప్పి, "తేదీ చూడరా" అని నీ చేతిలో పెడతాడు. చీకట్లో! దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావేంటయ్యా? అక్కడ ఆగు. స్టూలు ఎవరు పట్టుకున్నారు, బల్బు చెయ్యి ఎంత కాల్చింది, వంటింట్లోంచి పిన్ని ఏమని కేకేసింది, అన్నీ కావాలి. ఆయన లెక్కలో ఆయన చేస్తున్నది నూటికి నూరుపాళ్ళు సబబు, నువ్వు కూడా ఆ నమ్మకంతోనే ఆ మాట పలకాలి. మధ్యలో జనం వైపు చూసి కళ్ళెగరేశావో, అయిపోయినట్టే.

స్టాండప్ కమెడియన్ రిచర్డ్ ప్రయర్‌ని చూశావా? అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియాలో 1940లో పుట్టాడు, వేశ్యాగృహం నడిపే నాన్నమ్మ దగ్గర పెరిగాడు. అలాంటి ఇంటి గురించి ఎంత ఏడుపైనా ఏడవొచ్చు. 1979లో ఆయన స్టేజీ షోనే సినిమాగా తీసిన దాంట్లో మాత్రం, తనని కొట్టడానికి బెత్తం తననే విరుచుకు రమ్మని నాన్నమ్మ పంపితే, చెట్టు దగ్గరికి వెళ్ళి కొమ్మ తెంపుకుని, అది గాల్లో చేసే చప్పుడు వింటూ, ఇల్లు చేరకముందే ఏడుపు లంకించుకునే పిల్లాడిని చేసి చూపిస్తాడు. నాన్నమ్మ ఎంత భయంకరమైనదో వేరే చెప్పడు, మనం నవ్వేది ఆ పిల్లాడి అవస్థకి.

అంతదూరం ఎందుకు, మన మునిమాణిక్యం నరసింహారావు గారి కాంతం కథలే తీసుకో, ఎక్కువసార్లు ఓడిపోయేది కథ చెప్పే మొగుడే. నీ స్క్రిప్టులో నువ్వెక్కడా ఓడిపోవు, ఇంట్లో తెలివైనవాడివి నువ్వొక్కడివే అన్నట్టుంది. అలాంటివాడంటే జనానికి ఒళ్ళు మంట.

బాబాయి మాటలు మాత్రం ఇంగ్లీషులోకి మార్చకు. హైదరాబాద్ ఆడియన్సులో కొంతమందికి తెలుగు రాకపోతే రాకపోనీ, ముందు సంగతంతా నీకు నచ్చిన భాషలో చెప్పుకో, ఆయన నోట్లోంచి వచ్చేది మాత్రం ఆయన యాసలోనే రావాలి. సినిమా యాస పెట్టకు, ఆయన నిజంగా ఎలా అంటాడో అలాగే.

పిన్ని మాత్రల మీద జోకు తీసేయ్. నాకూ నవ్వొచ్చింది, కాదనను. కానీ చప్పట్లు నీకు, రేపు పెళ్ళిపందిట్లో నలుగురూ గుసగుసలాడుతూ చూసేది ఆవిడ వంక. మేనమామ పెళ్ళిచూపుల సంగతీ అంతే, ఆయనకింకా సంబంధాలు చూస్తున్నారంటున్నావు కదా.

బల్బు కథ రీల్‌గా పెట్టే ముందు బాబాయికి చూపించు, ఎలాగూ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి రాకుండా ఉండదు. నాకు తెలిసి ఆయనకి కోపం రాదు. "ఏడాది గ్యారంటీ ఏంట్రా, అది రెండేళ్ళది, సరిగ్గా చెప్పు" అంటాడు. అది కూడా రాసుకో.