తిరిగి కొట్టమని నేర్పకండి, ముందు బస్సులో సీటు మార్పించండి

రెండో తరగతి చదివే మీ బాబును స్కూలు బస్సులో ఐదో తరగతి పిల్లలిద్దరు రోజూ "బొండం" అని ఏడిపిస్తూ టిఫిన్ డబ్బా లాక్కుంటున్నారు, తిరిగి కొట్టమని చెప్పాలా అని అడిగారు. వద్దండి. ఏడేళ్లవాడు పదేళ్లవాడి మీద చెయ్యెత్తితే ఇంకో నాలుగు తింటాడు. పైగా ఆయమ్మ తల తిప్పేసరికి కనిపించేది వీడి దెబ్బే.

ఒకే ఈడు పిల్లలు బంతి కోసం కొట్టుకుని సాయంత్రానికి కలిసిపోతే అది మామూలు గొడవ. బాధపడుతున్నాడని తెలిసీ బలమున్నవాడు పదే పదే చేస్తుంటే వేధింపు. "పట్టించుకోకు" అన్న సలహా ఇక్కడ పనికిరాదు, డబ్బానే లాగేసుకుంటుంటే ఎలా పట్టించుకోడు?

ఇంట్లో మీరే ఆ పెద్ద పిల్లాడిలా నటించి డబ్బా లాక్కోండి. బాబు నిటారుగా నిలబడి "నా డబ్బా ఇచ్చెయ్" అని ఒక్కసారి గట్టిగా అని, నేరుగా ఆయమ్మ దగ్గరికి వెళ్లాలి. "ప్లీజ్ అన్నా" అని బతిమాలితే వాళ్లకు అదే ఆటవుతుంది. తిట్టు నేర్పితే దొరికిపోయేది వీడే. గుంజులాట వద్దు, డబ్బా వదిలేసినా ఫర్వాలేదు. రోజుకు ఐదు నిమిషాలు, ఓ వారం చేయించండి. మొదట్లో గొంతు పెగలదు, నవ్వేస్తాడు కూడా.

"ఎవరైనా ఏడిపించారా?" అంటే "లేదు" అనే వస్తుంది. "ఇవాళ బస్సులో ఎక్కడ కూర్చున్నావు? పక్కనెవరు?" అని అడగండి. చెప్పింది తేదీ, చోటు, అన్న మాట, చూసినవాళ్లతో సహా రాసుకోండి. అలాంటివి రెండు మూడు చాలు, క్లాస్ టీచర్ని కలవడానికి. "చర్య తీసుకోండి" అని ఊరుకుంటే ఏదీ కదలదు. బాబుకు ఆయమ్మ పక్క సీటు కావాలని, ఆ ఇద్దరినీ వేరువేరుగా కూర్చోబెట్టాలని అడగండి. అందరినీ ఎదురెదురుగా నిలబెట్టి సారీ చెప్పిస్తామంటే ఒప్పుకోకండి. వీడు భయంతో తలూపుతాడు, మర్నాడు బస్సులో "మా మీద చెప్తావా" అంటూ మళ్లీ మొదలు. ఆ పిల్లలతో టీచర్ విడిగా మాట్లాడాలి. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, పిల్లల గొడవ పెద్దల గొడవవుతుంది.

వారం తర్వాత మళ్లీ వెళ్లి కనుక్కోండి. మారకపోతే హెడ్‌మాస్టర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు దగ్గర పెట్టుకోండి. గాయాలైనా, ఒంటి మీద చేతులు వేసినా వారం ఆగొద్దు. అదే రోజు హెడ్‌మాస్టర్‌ను కలవండి. పిల్లల సాయానికి ఉన్న చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఉచితంగా, ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు.