జడ్పీ హైస్కూలుకి 2 లక్షలు ఇవ్వాలనుకుంటున్న పూర్వ విద్యార్థులకు

మీ ప్రశ్న: "మేం చదివిన జిల్లా పరిషత్ హైస్కూలుకి బ్యాచ్ అంతా కలిసి 2 లక్షలు పోగుచేశాం. గోడలకు రంగులు, ఒక ఆర్‌ఓ ప్లాంటు, నాలుగు కంప్యూటర్లు ఇద్దామనుకుంటున్నాం. సరైనదేనా?"

ఇంకా ఏమీ కొనకండి. ముందు డబ్బులో మూడో వంతు నిర్వహణకని పక్కన పెట్టండి. బడికి ఏది ఇచ్చినా, వచ్చే ఏడాది దాన్ని ఎవరు చూసుకుంటారో తేలాకే ఇవ్వాలి.

మొదట హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లి "సార్, రోజూ మీకు ఏది ఇబ్బంది పెడుతోంది?" అని అడగండి. ఆ తర్వాత బడి కమిటీతో కూర్చోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు దానికి చైర్‌పర్సన్, హెడ్మాస్టర్ కన్వీనర్. మీరు ఇచ్చేది కమిటీ తీర్మానంలోకీ, స్టాక్ రిజిస్టర్‌లోకీ ఎక్కాలి. లేకపోతే హెడ్మాస్టర్ బదిలీ అయిన మర్నాడు ఆ వస్తువుకు దిక్కుండదు. నాడు-నేడు కింద గానీ, మన ఊరు-మన బడి కింద గానీ మంజూరై ఆగిపోయిన పని ఉందేమో కూడా అడగండి. ఒకే పనికి రెండుసార్లు డబ్బు పెట్టకూడదు.

ఒక రోజు ఇంటర్వెల్ సమయంలో ఆడపిల్లల టాయిలెట్ల దగ్గర ఏం జరుగుతోందో ఒక టీచరమ్మను చూసి చెప్పమనండి. చాలా బడుల్లో గదులుంటాయి, తలుపులుంటాయి, తాళం కూడా ఉంటుంది. ఎందుకంటే లోపల నీళ్లుండవు. లెక్క వేయండి: 120 మంది ఆడపిల్లలు, ఒక్కొక్కరికి 5 లీటర్లు, అంటే ఒక్క ఇంటర్వెల్‌కే 600 లీటర్లు. పైన ఉన్నది 500 లీటర్ల ట్యాంకైతే మధ్యాహ్నానికి ఖాళీ. వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టినా, మోటారు గది తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటే వాళ్లు సెలవు పెట్టిన రోజు మళ్లీ మొదటికే వస్తుంది. రెండో తాళంచెవి ఆయమ్మకు ఇప్పించండి. ప్లాస్టిక్ కుళాయిలు నెలల్లో విరిగిపోతాయి, అరంగుళం ఇత్తడివి పెట్టించండి. లోపలి గడియలు కూడా చూడండి. గడియ లేని గదిలోకి పెద్ద పిల్లలు వెళ్లరు. పొద్దున్నుంచి నీళ్లు తాగడమే మానేస్తారు. రంగుల కంటే ఇది ముందు.

ఆర్‌ఓ ప్లాంటు కొనే ముందు నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో పరీక్షించండి, ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతమైతే ల్యాబ్ పరీక్ష కూడా చేయించండి. ఉప్పదనం, ఫ్లోరైడ్ లేకపోతే మామూలు ఫిల్టరు, శుభ్రమైన ట్యాంకు చాలు. ప్లాంటు పెట్టాల్సిందే అయితే ఫిల్టర్ల మార్పిడి, సర్వీసు రెండేళ్లకు కాగితం మీద రాయించుకోండి. చాలా ప్లాంట్లు మూలపడేది ఫిల్టరు మార్చే డబ్బు లేకే. బయటికి పోయే వృథా నీటిని పైపు వేసి టాయిలెట్ ట్యాంకుకు మళ్లించండి.

కంప్యూటర్లను చివరికి వాయిదా వేయమంటాను. నేర్పే మనిషి లేకపోతే అవి గుడ్డ కప్పుకుని కూర్చుంటాయి.

డబ్బు కంటే మీ ఊళ్లో ఉన్నవాళ్ల సమయం విలువైనది. ఆరో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని 5 నిమిషాలు చదివించండి: అక్షరాలు, సరళ పదాలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ. "తల, పలక" గబగబా చదివిన పిల్ల "పుస్తకం" దగ్గర ఆగిపోతుంది. అంటే ఒత్తులు రాలేదన్నమాట. ఇంకొకరు "పొడి"ని "పోడి" అంటారు, వాళ్లకు గుణింతం దగ్గరే తడబాటు. లెక్కల్లో 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాస్తారు. పై అంకె, కింది అంకె అని చూడకుండా పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తారు. ఈనెపుల్లలు పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పి చూపిస్తే అప్పు తీసుకోవడం అంటే ఏమిటో కళ్లకు కనిపిస్తుంది.

తరగతిని బట్టి కాదు, స్థాయిని బట్టి గుంపులు చేయండి. గుంపుకి 15 మంది, ఒక వాలంటీరు, రోజుకు గంట, కనీసం 8 వారాలు. రెండు వారాలకోసారి మళ్లీ చదివించి పైస్థాయికి మార్చండి. చెడిపోయేది ఎక్కడంటే, వాలంటీరు రెండు రోజులు రాకపోతే మూడో రోజు పిల్లలు రారు. అందుకే ప్రతి గుంపుకీ ఇద్దర్ని పెట్టండి. వారానికి ఒక్క ఆదివారం వచ్చి ఉపన్యాసం ఇచ్చేవాళ్లకు ఈ పని అప్పగించవద్దు. వాలంటీరు పిల్లలతో ఒంటరిగా మూసిన గదిలో ఉండకూడదు, తలుపు తెరిచే ఉండాలి, ఒక టీచరు ఆవరణలో ఉండాలి. ఫొటోలు హెడ్మాస్టర్, తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీయకండి.

లైబ్రరీ పుస్తకాలు బీరువాలోంచి బయటికి రాకపోవడానికి కారణం ఉంది: పోతే టీచరు జవాబు చెప్పాలి. మీరు ఇచ్చే పుస్తకాల్లో ఏడాదికి పదోవంతు పోయినా ఫర్వాలేదని కమిటీ తీర్మానంలోనే రాయించండి. తరగతి గదిలో తాడు కట్టి, దాని మీద పుస్తకాలు వేలాడదీయండి.

విదేశాల్లో ఉన్న మిత్రుల సంగతి: భారత పౌరసత్వం ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా, విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉన్న సంస్థ ద్వారానే రావాలి. విరాళానికి పన్ను మినహాయింపు రసీదు (80జీ) కావాలంటే 2,000 దాటిన నగదు పనికిరాదు. కేంద్రం నడిపే విద్యాంజలి పోర్టల్‌లో బడికి ఏం కావాలో హెడ్మాస్టర్ పెట్టవచ్చు. మీరు అక్కడ స్పందిస్తే లెక్క ఒకచోట ఉంటుంది.

బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. మేలో మేస్త్రీ, ప్లంబరు దొరకడం కష్టం, ఏప్రిల్‌లోనే అడ్వాన్సు ఇచ్చి రోజులు ఖరారు చేసుకోండి. తెరిచే రోజు పొద్దున్నే మీలో ఒకరు వెళ్లి ట్యాంకు నిండిందా, కుళాయిలన్నీ వస్తున్నాయా చూసి రండి.