ఎక్కడం సరే, ముందు దిగడం నేర్చుకో

ఒరేయ్ చిన్నా,

ఆల్ప్స్ కొండల్లో పరిగెత్తే సీసీసీ రేసు లాటరీలో నీ పేరొచ్చిందని పంపిన స్క్రీన్‌షాట్ కూరగాయల బండి దగ్గర చూశాను. చేతిలో వంకాయలు పట్టుకునే ఓ గంతేస్తే ఆ బండబ్బాయి నాకేదో అయిందనుకున్నాడు. చాలా సంతోషంరా. కానీ నువ్వు కింద ఇంకో మెసేజ్ పెట్టావు చూడు, "మారథాన్ నాలుగు గంటల్లోపు కొట్టాను కదా పిన్నీ, ఇది పద్దెనిమిది గంటల్లో అయిపోతుంది" అని, అది చదివాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్లో చెబితే "సరే పిన్నీ, సరే పిన్నీ" అని పెట్టేస్తావు.

మారథాన్ లెక్క పక్కన పెట్టెయ్. ఇటలీలో కూర్మేయర్ దగ్గర బయల్దేరి, స్విట్జర్లాండ్‌లో షాంపే మీదుగా, ఫ్రాన్స్‌లో షమొనీకి చేరాలి. దూరం వంద కిలోమీటర్లు, అది అసలు విషయమే కాదు. ఎక్కుడు ఆరు వేల మీటర్ల పైచిలుకు. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు ఎక్కితే నువ్వు పైకి వెళ్లేది సుమారు ఏడొందల మీటర్లు. అంటే ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా ఎనిమిది తొమ్మిది సార్లు కొండెక్కి దిగినట్టు. ఎక్కి "దిగినట్టు" అన్నాను చూడు, ఈ ఉత్తరమంతా ఆ మాట గురించే.

మొదటిసారి నేను వెళ్లినప్పుడు నాకు నలభై ఏడు. ఎక్కడానికి బ్రహ్మాండంగా తయారయ్యాను, కనిపించిన ప్రతి మెట్టూ ఎక్కాను. రేసులో కూడా ఎక్కేటప్పుడు నా ముందున్నవాళ్లను ఒక్కొక్కర్నీ దాటుకుంటూ పోయాను, దిగేటప్పుడు వాళ్లే నవ్వుతూ నన్ను దాటిపోయారు. గ్రాన్ కోల్ ఫెరే కనుమ నుంచి లా ఫూలీ ఊరి దాకా పది కిలోమీటర్ల దిగుడు ఉంటుంది, అందంగా, మెత్తగా, పరిగెత్తమని పిలుస్తూ. పిలిచింది కదా అని పరిగెత్తాను. అక్కడ ఏమీ తెలియలేదు. ఆ బిల్లు ఇంకా ముందు, త్రియాన్ ఊరికి దిగేటప్పుడు వచ్చింది. అర్ధరాత్రి, చెట్ల వేళ్లు, తొడలు రెండూ బండరాళ్లు. మోకాలు వంచితే కూలబడిపోతానన్న భయం. చివరి అరకిలోమీటరు వెనక్కి తిరిగి, చెట్ల కొమ్మలు పట్టుకుని, పాకే పిల్లలు మంచం దిగినట్టు దిగాను. కటాఫ్ గడువుకి ఇంకా టైముంది, ఊపిరి బాగానే ఉంది, ఆకలి కూడా వేస్తోంది, కానీ కాళ్లు లేవు. అక్కడే రేసు వదిలేశాను.

ఎందుకిలా అవుతుందంటే, ఎక్కేటప్పుడు కండరం ముడుచుకుంటూ పని చేస్తుంది, దిగేటప్పుడు సాగుతూ బరువు ఆపాలి, బ్రేకు వేసినట్టన్నమాట. ఆ పనికి కండరం పోగులు లోపల చిరుగుతాయి. మనం హైదరాబాద్‌లో ఎంత పరిగెత్తినా ఈ బ్రేకు పని దాదాపు ఉండదు, ఫ్లైఓవర్ దిగడం దిగడం కాదు. అయితే మంచి మాట ఒకటుంది. కండరానికి ఒక్కసారి గట్టిగా దిగుడు రుచి చూపిస్తే, కొన్ని వారాలపాటు అది గుర్తు పెట్టుకుంటుంది, రెండోసారి అంత దెబ్బ తినదు.

అందుకని రెండోసారి నేనేం చేశానంటే, మా అపార్ట్‌మెంట్ పన్నెండు అంతస్తులు కదా, లిఫ్టులో పైకి వెళ్లి మెట్ల మీద కిందకి దిగేదాన్ని. మళ్లీ లిఫ్టు, మళ్లీ దిగడం. అంతస్తుకి మూడు మీటర్లు వేసుకో, ఇరవై సార్లు దిగితే ఏడొందల మీటర్లు. వాచ్‌మన్ మూడు రోజులు చూసి నాలుగో రోజు "అమ్మా, లిఫ్టు బాగానే ఉంది కదా, మెట్లెందుకు దిగుతున్నారు" అన్నాడు పాపం. మొదటి వారం మర్నాడు కమోడ్ మీద కూర్చోవడానికి గోడ పట్టుకోవాల్సొచ్చింది, నాలుగో వారానికి ఏమీ లేదు. నువ్వుండేది ఇరవై రెండంతస్తులు, నీకు ఇంకా సుఖం. వారానికి ఒక్కసారి చాలు, రెండు వద్దు. నెలకోసారి వికారాబాద్ దగ్గర అనంతగిరికి పో, ఎత్తు పెద్దగా లేకపోయినా అక్కడి వదులు రాళ్ల మీద పాదం ఎక్కడ పెట్టాలో కళ్లకి అలవాటవుతుంది, అది మెట్లు నేర్పవు. తిరుమల కూడా వెళ్లు. నేను వెళ్లినప్పుడు మొక్కు కాదు స్వామీ, ప్రాక్టీసు అని ముందే చెప్పేసుకున్నాను. భక్తుల మధ్య పరిగెత్తకు, నడిచి ఎక్కు, నడిచి దిగు. ఆఖరి గట్టి దిగుడు రేసుకి రెండు మూడు వారాల ముందు అయిపోవాలి, ఆ తర్వాత కాళ్లని వదిలెయ్.

దిగేటప్పుడు చిన్న అంగలు వెయ్, చాలా చిన్నవి. మడమ ముందుకి విసిరి ఒళ్లు వెనక్కి వాల్చామా, ప్రతి అడుగూ ఓ దెబ్బే. చూపు కాళ్ల దగ్గర కాదు, నాలుగైదు అడుగుల ముందు ఉండాలి. కొండ నడకకి వాడే కర్రలు తప్పకుండా తీసుకో. ఒకసారి తీసుకుంటే మొదటి నుంచి చివరిదాకా నీతోనే ఉండాలన్నది రూలు, దారిలో ఎవరికో ఇచ్చేస్తానంటే కుదరదు.

రేసు రోజు మొదటి కొండ తెత్ ద లా ట్రాంష్, 2,584 మీటర్లు, దారి మొత్తంలో అదే ఎత్తైన చోటు. పొద్దున్న మ్యూజిక్కులూ చప్పట్లూ విని వెర్రెక్కి పోతారు జనం. కాసేపటికే దారి ఇరుకై పెళ్లి భోజనాల దగ్గర లైనులా అయిపోతుంది. తోసుకుని ముందుకి పోకు. ఎక్కుతూ పక్కవాడితో మాట తెగకుండా మాట్లాడగలగాలి, మాట తెగుతోందంటే నువ్వు ఎక్కువ కష్టపడుతున్నావని అర్థం.

ఇప్పుడు చలి సంగతి. కూర్మేయర్‌లో నీకు చెమట పడుతుంది, ఎండకి టీషర్టు కూడా బరువనిపిస్తుంది. గ్రాన్ కోల్ ఫెరే 2,537 మీటర్లు, ఊరికన్నా పదమూడొందల మీటర్లు పైన. వంద మీటర్లకి 0.65 డిగ్రీల లెక్కన ఎనిమిది డిగ్రీల పైనే తగ్గుతుంది, దానికి గాలి తోడు, తడిసిన బట్టలు తోడు. మొదటిసారి నేను "పైకెళ్లాక వేసుకుంటాలే" అనుకున్నాను. పైకెళ్లాక వేళ్లు పని చెయ్యలేదురా. జాకెట్ చేతుల్లోనే ఉంది, జిప్పు కొస కనబడుతోంది, రెండు వేళ్ల మధ్య పట్టుకోలేకపోతున్నాను. పళ్లతో లాగాను. చివరికి ఎవరో ఒకావిడ, ఏ దేశమో కూడా తెలీదు, తన రేసు ఆపి నా మెడ దాకా జిప్పు పెట్టి వెళ్లిపోయింది. అందుకే ఆర్నూవా దగ్గర, కొండ కిందే, వేడిగా ఉన్నా సరే జాకెట్టూ గ్లోవ్సూ బ్యాగులో అన్నిటికన్నా పైకి తెచ్చుకో, సగం కొండలో తొడుక్కో. తప్పనిసరి సామాన్ల లిస్టు చూసి విసుక్కోకు, హెడ్‌ల్యాంపూ, మెరిసే దుప్పటీ, విజిలూ, అన్నీ ఉండాల్సిందే. అక్కడి కొండలు మాట వినవు. దీనికి అక్కలాంటి పెద్ద రేసు యూటీఎంబీని 2010లో మొదలైన కొద్ది గంటలకే వాతావరణం వల్ల ఆపేశారు, 2012లో దారి మార్చి బాగా కురచ చేశారు.

తిండి గురించి నీకున్న ఎనర్జీ జెల్ పిచ్చి తగ్గించుకో. ఎనిమిది గంటల వరకూ తియ్యదనం బాగుంటుంది, ఆ తర్వాత వాసనకే డోకొస్తుంది. దారిలో స్టాళ్లలో నూడిల్స్ వేసిన ఉప్పు సూపు ఇస్తారు, అది అమృతం, కాకపోతే గ్లాసులు ఇవ్వరు, నీ కప్పు నువ్వే తీసుకెళ్లాలి. నేను రెండోసారి పులిహోర ఉండలు చేసి చిన్న జిప్ కవర్లలో పెట్టుకెళ్లాను, పల్లీ పట్టీలు కూడా. ఉప్పూ పులుపూ ఉన్న అన్నం ముద్ద రాత్రి రెండింటికి నోట్లో పెట్టుకుంటే ఎలా ఉంటుందో రాసి చెప్పలేను. గంటగంటకీ ఆకలి వేసినా వెయ్యకపోయినా ఏదో ఒకటి తిను. ఊరికే మంచినీళ్లు కడుపునిండా తాగెయ్యకు, ఒంట్లో ఉప్పు పల్చబడిపోతుంది. నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, దగ్గరికి రానివ్వకు, నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలకి చేటు.

షాంపే దగ్గరికి సగం అయినట్టు. పెద్ద గుడారం, వెచ్చదనం, బెంచీలు. కూర్చోవద్దనను, పది నిమిషాలు కూర్చో, వాచీలో అలారం పెట్టుకుని కూర్చో. అక్కడ దుప్పటి కప్పుకున్నవాళ్లలో చాలామంది మళ్లీ లేవరు. ఆ తర్వాత మూడు కొండలు మిగులుతాయి, మూడు దిగుళ్లు కూడా. ఆఖరిది లా ఫ్లెజేర్ నుంచి షమొనీకి, ఎనిమిదొందల మీటర్లు. దాచుకున్న కాళ్లన్నీ దానికి ఖర్చు పెట్టు. రాత్రి చెట్టు మొద్దు మనిషిలా కనబడుతుంది, కంగారుపడకు, నాకైతే మా అత్తగారు కనబడింది. దణ్ణం పెట్టి ముందుకెళ్లాను.

ఇంకో రెండు చిన్న విషయాలు. యూరప్ సిమ్ అని కొన్నవాటిలో కొన్ని స్విట్జర్లాండ్‌లో పని చెయ్యవు, ముందే కనుక్కో. ప్రమాదమైతే 112. షెంగెన్ వీసా అపాయింట్‌మెంట్లు వేసవిలో దొరకడం కష్టం, ఈ వారమే చూడు.

రెండోసారి నేను ఇరవై అయిదున్నర గంటలకి చేరాను. నీ పద్దెనిమిది గంటల లెక్క నీ దగ్గరే ఉంచుకో, ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా నీకు నువ్వు చెప్పుకోకు.

రాత్రంతా కొండల్లో ఉండాలన్న సంగతి మీ అమ్మకి నువ్వే చెప్పు. నేను చెబితే అక్క నాతో ఆర్నెల్లు మాట్లాడదు. ఆదివారం నుంచి లిఫ్టు మొదలుపెట్టి ఎన్నిసార్లు దిగావో నాకు మెసేజ్ పెట్టు, ఎక్కిన లెక్క నాకక్కర్లేదు.

మీ పిన్ని