డన్స్ నంబర్ పోయి యూఈఐ వచ్చాక శామ్‌లో పేరు, అడ్రస్ మ్యాచ్ కావట్లేదా? - సమాధానం

శామ్ (శామ్ డాట్ గవ్) అంటే అమెరికా ప్రభుత్వంతో పని చేయాలనుకునే కంపెనీలు రిజిస్టర్ అయ్యే ప్రభుత్వ వెబ్‌సైట్. డన్స్, యూఈఐ అంటే కంపెనీని గుర్తించే పాత, కొత్త నంబర్లు. మీ కంపెనీ డన్స్ ఉన్నప్పుడే శామ్‌లో రిజిస్టర్ అయిందని, ఇల్లు మారాక రెన్యువల్‌లో పేరు, అడ్రస్ మ్యాచ్ కావట్లేదని, ఒక ఏజెంటు ఫోన్ చేసి 600 డాలర్లు అడుగుతున్నాడని రాశారు. టెన్షన్ పడకండి. కొత్త నంబర్ కోసం మీరు ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4 నుంచి అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 9 అంకెల డన్స్‌ను పక్కన పెట్టి, అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే యూఈఐ వాడుతోంది. అప్పటికే మీ కంపెనీ శామ్ డాట్ గవ్‌లో రిజిస్టర్ అయి ఉందన్నారు కాబట్టి నంబర్ దానంతటదే వచ్చేసి ఉంటుంది. లాగిన్ అయి మీ ఎంటిటీ (అంటే మీ కంపెనీ) రికార్డు తెరిచి చూడండి. రాసుకునేటప్పుడు ఒక్క మాట: అందులో ఇంగ్లిష్ ఓ, ఐ అక్షరాలు ఉండవు. అలా కనబడితే అవి సున్నా, ఒకటి.

అసలు తలనొప్పి మీరు ఇల్లు మారాక రెన్యువల్‌లో వచ్చిన వ్యాలిడేషన్, అంటే కంపెనీ పేరు, అడ్రస్ నిజమేనా అని సరిచూడడం. పేరు మీ రాష్ట్రంలో ఫైల్ చేసిన కాగితంలో ఎలా ఉందో అచ్చం అలాగే కొట్టండి, చివర ఉండే ఎల్‌ఎల్‌సీ (కంపెనీ రకం చెప్పే మాట)తో సహా. ఫిజికల్ అడ్రస్‌గా పీఓ బాక్స్ (పోస్టాఫీసులోని పెట్టె నంబర్) ఇస్తే ఒప్పుకోరు. అయినా మ్యాచ్ కాకపోతే అక్కడే డాక్యుమెంట్లు అప్‌లోడ్ చేయొచ్చు. కంపెనీ పేరు, కొత్త అడ్రస్ రెండూ ఒకే పేజీలో కనిపించే బ్యాంక్ స్టేట్‌మెంట్ లాంటిది పెడితే పని తేలిక. మీ సొంత పేరు మీదున్న కరెంటు బిల్లు పెట్టి లాభం లేదు.

ఇక మీకు ఫోన్ చేసి 600 డాలర్లు అడుగుతున్న ఏజెంటు ప్రభుత్వం మనిషి కాదు, ఆ కాల్స్ వదిలేయండి. యూఈఐ, రిజిస్ట్రేషన్, రెన్యువల్ మూడూ ఉచితమే. యూఈఐకి గడువు లేదు గానీ రిజిస్ట్రేషన్ ఏటా రెన్యువల్ చేయాలి, కాబట్టి గడువుకు రెండు నెలల ముందే మొదలుపెట్టండి. ఎక్కడైనా ఆగిపోతే శామ్‌కు సహాయం చేసే ఫెడరల్ సర్వీస్ డెస్క్‌లో టికెట్ వేయండి, అంటే మీ సమస్య రాసి పంపండి.