ప్రార్థన హాలులో అబార్షన్ చట్టం గురించి చెబితే కేసు అవుతుందా?

సందేహం: మాది అనంతపురం. పన్నెండేళ్లుగా బెంగళూరు కృష్ణరాజపురంలో ఉంటున్నాం. భర్త సంతకం లేదని ఒక నర్సింగ్ హోమ్ మా వీధి అమ్మాయిని తిప్పి పంపింది. అందుకే నేను, పాస్టరు గారి భార్య, నర్సుగా పనిచేసే ఒక ముస్లిం సోదరి కలిసి, అబార్షన్ విషయంలో ఆడవాళ్ల హక్కులను చర్చి హాలులో తెలుగువాళ్లకు వివరించాలనుకున్నాం. మతాన్ని కించపరుస్తున్నామని కేసు పెడతామని కొందరు పెద్దలు బెదిరిస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు తలపెట్టిన పని నేరం కాదు. పార్లమెంటు చేసిన చట్టంలో ఏముందో నలుగురికీ చెప్పడం రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యం. ఈ విషయంలో తన విశ్వాసం తనకేం చెబుతోందో మీలో ఒక్కొక్కరూ చెప్పుకోవడం 25వ అధికరణ కాపాడే అంతఃకరణ స్వేచ్ఛ. ఆ పెద్దల మనసులో ఉన్నది బహుశా భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్, అంటే పాత శిక్షాస్మృతిలోని 295-ఎ. ఒక వర్గం మత విశ్వాసాలను కావాలని, దురుద్దేశంతో అవమానిస్తేనే అది వర్తిస్తుందని, తెలియక దొర్లిన మాటకు వర్తించదని సుప్రీంకోర్టు 1957లోనే రామ్‌జీలాల్ మోదీ కేసులో చెప్పింది. కాబట్టి ఏ మతాన్నీ తక్కువ చేయకండి, ఏ మతం తరఫునా తీర్పు చెప్పకండి. కాథలిక్ సంఘం గర్భధారణ క్షణం నుంచే అబార్షన్‌ను వ్యతిరేకిస్తుంది. ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలలో చాలామంది 120 రోజుల తర్వాత తల్లికి ప్రాణాపాయం ఉంటే తప్ప కూడదంటారు, అంతకు ముందు దశపై వారిలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. ఈ తేడాలను దాచకుండా చెప్పండి.

వేర్వేరు మతాలవారు ఇలా కలవడం కొత్త కాదు. 1967లో న్యూయార్క్‌లో హోవర్డ్ మూడీ అనే బాప్టిస్టు పాస్టరు చొరవతో పాస్టర్లు, యూదు రబ్బీలు కలిసి, అబార్షన్ అక్కడ నేరంగా ఉన్న రోజుల్లోనే స్త్రీలకు దారి చూపే సేవ ప్రారంభించారు. మీకు అంత సాహసం అక్కర్లేదు, 1971 నుంచి మనకు చట్టమే ఉంది.

ఇక భర్త సంతకం. ఈ ఒక్క అపోహ వల్ల వారాలకు వారాలు పోగొట్టుకున్న స్త్రీలను చూశాను కనుక కాస్త వివరంగా చెబుతాను. వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం 3వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ విషయంలో ఆమె సమ్మతి ఒక్కటే చాలు. నిబంధనలలోని ‘ఫారం సి’ని చేతిలోకి తీసుకుని చూడండి: ‘ఫలానావారి కుమార్తెను లేదా భార్యను’ అని మొదలై వయసు, చిరునామా, ఆస్పత్రి పేరు, చివర ఆమె సంతకం. భర్త పేరు ఆమెను గుర్తించడానికే తప్ప, అతను సంతకం పెట్టడానికి అందులో చోటే లేదు. సంరక్షకుడి సంతకం కోసం ఉన్న భాగం మైనర్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి మాత్రమే. కుటుంబ సభ్యుల సమ్మతి వంటి, చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ ఫారం కాపీలు మీ సమావేశంలో పంచండి.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. కరపత్రంలో అబార్షన్ మాత్రల పేర్లు వేయకండి. అభ్యంతరకర ఔషధ ప్రకటనలపై 1954లో వచ్చిన చట్టం దాన్ని నిషేధిస్తుంది. కడుపులో ఉన్నది ఆడా, మగా అన్న ప్రస్తావన వస్తే అక్కడే ఆపేయండి. వచ్చినవారి పేర్లు రాసుకోకండి. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి తన గర్భం సంగతి మీకు చెబితే, పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు తెలియజేసే బాధ్యత మీపై పడుతుంది. ఆమె పేరు బయటపెట్టకుండా ఉండే వెసులుబాటును 2022 తీర్పు డాక్టర్లకు ఇచ్చింది, మీకు కాదు.

హాలు చర్చిది కనుక కమిటీ కాదంటే పట్టుబట్టే హక్కు మీకు లేదు. మీలో ఒకరి ఇంట్లో కూర్చోండి. బెంగళూరులో ధర్నాలు ఫ్రీడం పార్కులోనే జరగాలన్న ఉత్తర్వు ఇంట్లో జరిగే సమావేశానికి వర్తించదు.

సమావేశం కంటే ముందు ఆ అమ్మాయి సంగతి చూడండి. ఆమెకు ఎన్నో వారమో ఈరోజే అడగండి. చట్టం చెప్పిన కారణాలలో ఏదైనా ఉంటే 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. ఆరోగ్యానికి తీవ్రమైన హాని, అందులో మానసిక ఆరోగ్యమూ, గర్భనిరోధక సాధనం విఫలమవడమూ ఆ కారణాలలోవే. ఆమె ఒప్పుకుంటే నర్సు గారిని తోడిచ్చి, ప్రభుత్వ ఆస్పత్రి ప్రసూతి విభాగానికి రేపు ఉదయమే పంపండి.